గోల్స్ కొట్టే కృప మోకాలు

2010 మార్చిలో నేను శాన్ రామన్‌లోని ఒక చిన్న క్లినిక్‌లో ఫిజికల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. దెబ్బలు తగిలినవాళ్లకీ ఆపరేషన్లు అయినవాళ్లకీ వ్యాయామాలతో మళ్లీ కదలిక తెప్పించడం నా పని. అప్పటికి పదకొండేళ్ల అనుభవం. మా దగ్గరకు వచ్చేవాళ్లలో సగంమంది మెడలు పట్టేసిన ఇంజనీర్లు, మిగతా సగం మోకాళ్లు మార్పించుకున్న పెద్దవాళ్లు.

ఒక ఉదయం కొత్త పేషెంటు ఫైలు తెరిచాను. పేరు కృప, ముప్పై ఆరేళ్లు, సాఫ్ట్‌వేర్ టెస్టర్. గాయం ఎలా అయిందన్నచోట ‘ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్’ అని ఉంది. రిసెప్షన్‌లో ఎవరో తప్పుగా టైప్ చేశారనుకున్నాను.

చంకల్లో క్రచెస్‌తో వచ్చింది. వెనక భర్త సామ్యూల్, చేతిలో ఆమె హ్యాండ్‌బ్యాగు. ఎడమ మోకాలికి ఏసీఎల్ ఆపరేషన్ జరిగి ఆరు రోజులైంది. ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ కలిపి బిగించి ఉంచే బలమైన కట్టు. అది తెగితే, ఒంటికాలి మీద ఒక్కసారిగా తిరిగినప్పుడు మోకాలు పక్కకు జారిపోతుంది.

“ఆస్ట్రేలియన్ ఫుట్‌బాలా?” అన్నాను, ఆపుకోలేక.

కృప నవ్వింది. “అందరూ ఇలాగే అడుగుతారక్కా. మాది బాపట్ల. స్కూల్లో త్రోబాల్ తప్ప ఏ ఆటా ఆడలేదు.”

శాంటా క్లారాలో ఆమె ఆఫీసులో మేగన్ అనే ఆస్ట్రేలియా అమ్మాయి ఉండేది. ఆ ఆటకు ఆడవాళ్ల జట్టు పెడుతూ, మనుషులు చాలక కృపను బతిమాలింది. రూల్స్ తెలియని కృపను గోల్ ముందు నిలబెట్టి, “బంతి వస్తే పట్టుకో, పట్టుకుంటే తన్ను” అంది. ఆ ఆటలో బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. మైదానానికి రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండింటి నడుమ నుంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే ఒక్కటే. దూరం నుంచి తన్నిన బంతిని నేలకు తగలకముందే పట్టుకుంటే దాన్ని ‘మార్క్’ అంటారు. అప్పుడు ఎవరూ అడ్డురాకుండా నింపాదిగా గురి చూసి తన్నవచ్చు.

త్రోబాల్ చేతులు కదా, మొదటి మ్యాచ్‌లోనే మూడు మార్కులు పట్టింది. తన్నడం రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ తరువాత ప్రతి సీజన్‌లోనూ వాళ్ల జట్టులో ఎక్కువ గోల్స్ ఆమెవే. ఆమెను ఆపడానికి ఎదుటి జట్లు ఇద్దరేసి మనుషులను పెట్టేవట. ఈ ఏడు తొలి మ్యాచ్‌లో బంతి కోసం ఎగిరి, ఎడమ కాలి మీద దిగింది. లోపల ఏదో టప్పుమంది.

“నాకు ఒక్కటే చెప్పండక్కా. మళ్లీ ఆడగలనా?”

నేను నోరు తెరిచేలోపే సామ్యూల్ అందుకున్నాడు. “ఇద్దరు పిల్లలు, జాబ్, శ్రమ పడింది చాలు. మీరైనా చెప్పండక్కా, మానేస్తే పోతుంది కదా?”

అతని ముఖంలో కోపం లేదు, భయమే ఉంది. నాకూ అతని మాటే సబబనిపించింది. “ముందు మోకాలు వంచుదాం” అని దాటవేశాను. మేం రాసే ప్లాన్‌లో ‘గోల్స్’ అని ఒక భాగం ఉంటుంది, చికిత్స చివరికి పేషెంటు ఏం చేయగలగాలో అందులో రాస్తాం. నేను మెట్లెక్కడం, కారు నడపడం, అరగంట నడవడం అని రాశాను. సంతకం పెట్టేముందు కృప దాన్ని చదివింది.

“ఇవి నా గోల్స్ కావక్కా” అంది మెల్లగా. అయినా సంతకం పెట్టింది.

మొదటి మూడు నెలలూ అనుకున్నట్టే సాగాయి. వాపు తగ్గింది, మోకాలు వంగింది, క్రచెస్ పోయాయి. నాలుగో నెలలో అంతా ఆగిపోయింది. తొడ కండరం బలపడటం లేదు. చిన్న బల్ల మీద నుంచి ఎడమ కాలి మీదకు దూకమంటే కళ్లు మూసుకునేది. వరసగా మూడు అపాయింట్‌మెంట్లు క్యాన్సిల్ చేసింది. ఫోన్ చేస్తే, “స్టెప్స్ ఎక్కుతున్నా, డ్రైవ్ చేస్తున్నా. మీ లిస్ట్ అయిపోయింది కదక్కా” అంది. వెటకారం కాదు. నిజంగానే అలసిపోయిన గొంతు.

ఆ మాట నన్ను వదల్లేదు. వచ్చే శనివారం వాళ్ల జట్టు మ్యాచ్ ఉందని తెలుసుకుని వెళ్లాను. కృప గీత బయట నీళ్ల సీసాలు అందిస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోయి, పక్కన కూర్చోబెట్టుకుని ఆటంతా విడమరిచి చెప్పింది. అప్పుడు గమనించాను. గోల్ కొట్టే మనిషి పరుగెత్తాలి, గాల్లోకి లేవాలి, ఒంటికాలి మీద దిగాలి, దిగుతూనే తిరగాలి, ఆ కాలి మీదే నిలబడి రెండో కాలితో తన్నాలి. కుడికాలితో తన్నే కృపకు బరువంతా మోసేది ఎడమ మోకాలే. నేను నాలుగు నెలలుగా ఆమెను మెట్లకు తయారుచేస్తున్నాను.

వెళ్తూ మేగన్‌ను ఒక బంతి అడిగి తీసుకున్నాను.

సోమవారం పాత ప్లాన్ కొట్టేసి కొత్తది రాశాం. ఈసారి ఆమె చెప్పింది, నేను రాశాను. దూకడం నేర్పేటప్పుడు బంతి ఆమె మీదకు విసిరేదాన్ని. చూపు బంతి మీద ఉంటే కాలి మీద దిగడం గురించి ఆలోచించేది కాదు. ఆరో నెలలో తన్నడం మొదలుపెడదామంటే ఎడమ కాలి మీద నిలబడగానే వణుకు.

“కుడికాలి మీద నిలబడి ఎడమతో తంతేనో?” అంది.

సర్జన్‌ను అడిగితే సరేనన్నారు. క్లినిక్ వెనక గడ్డి మీద మొదలుపెట్టాం. మొదటి వారం బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. మోకాలు మార్పించుకున్న సరోజమ్మగారు తన నడక వ్యాయామం అదేనంటూ ఆ బంతిని తెచ్చి ఇచ్చేవారు. “గట్టిగా తన్నవే తల్లీ, నేనింకా దూరం నడుస్తాను” అనేవారు. అక్టోబరుకి కృప ఎడమకాలితో ఇరవై గజాలు తిన్నగా తన్నుతోంది. ఒంటికాలి గెంతుల పరీక్ష, అంటే గాయపడిన కాలు రెండో కాలితో దాదాపు సమానంగా గెంతగలదా అని చూసేది, మొదటిసారి తప్పింది. జనవరిలో నెగ్గింది. అప్పుడు సర్జన్ ఆటకు అనుమతించారు.

2011 ఏప్రిల్‌లో ఆమె మళ్లీ మైదానంలోకి దిగింది. సామ్యూల్ నా పక్కనే నిలబడి మనసులో ప్రార్థన చేసుకుంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి. మొదటి అవకాశంలో ఎడమకాలితో తన్నింది, పక్క సందులోంచి పోయింది. ఆట సగం అయ్యాక మేగన్ పొడుగ్గా తన్నిన బంతికి ఇద్దరి మధ్య నుంచి లేచి మార్క్ పట్టింది. దిగింది. ఎవరూ ఆమె దగ్గరకు రాకూడదు, కావలసినంత సమయం ఉంది. నాలుగడుగులు వేసి తన్నింది. మధ్య స్తంభాల నడుమ నుంచి బంతి ఎత్తుగా వెళ్లిపోయింది.

“కొట్టింది! కొట్టిందక్కా!” సామ్యూల్ నా భుజం పట్టి ఊపేశాడు.

నేను మాత్రం ఆమె కాళ్లనే చూస్తున్నాను. మ్యాచ్ అయ్యాక దగ్గరికి వెళ్లి చెప్పాను. “కుడికాలితో తన్నావు కృపా. ఎడమకాలి మీద నిలబడి.”

ఆమె తన కాళ్లకేసి చూసుకుంది. “అవునా? నిజంగానా? నాకు గోల్ పోస్టులు తప్ప ఏం కనపడలేదక్కా.” వెంటనే రెండు చేతులతో ముఖం కప్పుకుంది. సామ్యూల్ వచ్చి ఆమెను పట్టుకున్నాడు.

కృప ఇంకో మూడు సీజన్లు ఆడింది. ఆ మొదటి ఏడాది జట్టులో ఎక్కువ గోల్స్ వేరే అమ్మాయివి, తరువాతి రెండేళ్లూ మళ్లీ ఆమెవే. ఆట మానేసింది మోకాలి వల్ల కాదు. కొత్తగా వచ్చేవాళ్లకు తన్నడం నేర్పే పని నచ్చి, అటు వెళ్లింది.

నొప్పి ఎంత, మోకాలు ఎంత వంగింది అని కొలవడం నాకు చదువు నేర్పింది. మనిషి తన మోకాలిని మరిచిపోయేంతగా దేని మీద మనసు పెట్టగలడో అడగాలని కృప నేర్పింది. ఇప్పుడు కొత్త పేషెంటు రాగానే మొదట ఆ ప్రశ్నే వేస్తాను. ఒకాయన తోటపని అన్నారు. ఒకావిడ మనవరాలిని ఎత్తుకోవడం అంది. ఇంకొకాయన సిగ్గుపడుతూ, డాన్స్ అన్నారు. ఆ జవాబు వచ్చాకే పెన్ను తీస్తాను.