కాలువలోకి తన్నమన్నది నేనే

పోయిన నెల పామర్రులో ఒక పెళ్ళి భోజనాల దగ్గర ఆ మాట మళ్ళీ విన్నాను. ఎదురు వరసలో కూర్చున్న ఒకాయన, మా ఊరివాడే, నా ఈడువాడే, పక్కవాళ్ళకు మా పాత ఫుట్‌బాల్ మ్యాచి సంగతి చెబుతున్నాడు.

"మా గోలీకి నూలు ముట్టిందండీ. బంతి వస్తుంటే చేతులు చాపి మరీ దారిచ్చాడు. నూలు గోలు అనేవాళ్ళం దాన్ని."

అందరూ నవ్వారు. నేను తినడం ఆపి, "అది అబద్ధమండీ. ఆ గోలు నా మూలంగా పడింది" అన్నాను.

"మీది మంచి మనసు లెండి. ఎంతైనా కెప్టెన్ గదా!" అని ఆయన పెరుగు కోసం కేకేశాడు.

చెప్పాల్సిన రోజున చెప్పని నిజం ఇరవయ్యేళ్ళు పోయాక ఇలాగే మంచితనం కింద జమైపోతుంది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. కోపం ఆయన మీద కాదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది కానీ దాని కరువులు ముగియని రోజులవి. మా ఊళ్ళో సగం చేనేతవాళ్ళు, సగం వ్యవసాయదారులు. మాది వ్యవసాయం. మా జట్టు గోలీది నేత కుటుంబం. ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదువుకున్నాం. అప్పట్లో నూలు పర్మిట్ల మీద తప్ప దొరికేది కాదు. వాళ్ళ వీధిలో మగ్గాలు చాలావరకు ఊరికే పడి ఉండేవి. వాళ్ళ నాన్న నెలల తరబడి ఆఫీసు చుట్టూ తిరిగితే, మ్యాచికి నాలుగు రోజుల ముందు ఒక కట్ట నూలు వచ్చింది. బండి మీద వచ్చింది కాబట్టి ఊరంతా చూసింది.

మా మీద ఆడటానికి వచ్చింది బెజవాడ గవర్నర్‌పేటలోని నూలు వ్యాపారులు నడిపే జట్టు. ఆ తర్వాత పుట్టిన పుకారుకు ఈ ఒక్క సంగతి చాలింది.

మా ఆటస్థలం పొడవునా ఒక పక్క కాలువ గట్టు ఉండేది. బంతి గట్టు దాటి నీళ్ళలో పడితే ప్రవాహానికి కొట్టుకుపోయేది. పడవవాళ్ళెవరైనా గెడతో అందుకుని విసిరేదాకా ఆట ఆగేది. ఆట ఆగినా గడియారం ఆగేది కాదు. మా బడి అయ్యవార్లే రిఫరీలు. ఆ టైము తిరిగి కలపాలన్న ఆలోచన వాళ్ళకు ఎప్పుడూ రాలేదు. అందుకని ఒక గోలు ముందుంటే చాలు, చివరి పది నిమిషాలూ మేం బంతిని కాలువలోకి తన్నుతూ గడిపేసేవాళ్ళం. కాలువ మా పన్నెండో ఆటగాడు అని గొప్పలు చెప్పుకునేవాళ్ళం. ఆ ఎత్తు నాది. సెంటర్ హాఫ్‌నీ కెప్టెన్‌నీ నేనే.

ఆ ఏడు రిఫరీగా బెజవాడ నుంచి ఒక డ్రిల్లు మాస్టారు వచ్చారు. చేతికి గడియారం, జేబులో ఇంకో గడియారం. రెండో సగం మధ్యలో మేం ఒక గోలు వేశాం. కిందటేడు కప్పు గెలిచింది వాళ్ళు. ఆట సమానమైతే కప్పు వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. మాకు ఆ ఒక్క గోలు ఆధిక్యం చివరిదాకా నిలవాలి.

ఇంకో పది నిమిషాలుందనగా నేను బంతిని గట్టు దాటించాను. రిఫరీ జేబులోంచి గడియారం తీసి నొక్కారు. నా దగ్గరకు వచ్చి, "కెప్టెన్ గారూ, కాలువలో పోయిన టైమంతా చివర్లో కలుపుతాను. గుర్తుపెట్టుకోండి" అన్నారు.

నాకు వినపడలేదని బొంకను. స్పష్టంగా వినపడింది. బెదిరిస్తున్నాడులే, మా గ్రౌండులో ఇంతవరకు ఎవరు కలిపారు గనక, అనుకున్నాను. రెండోసారి తన్నాను. ఆయన మళ్ళీ గడియారం నొక్కారు. నేను చూసి కూడా మొహం తిప్పుకున్నాను.

నాకు మిగిలిన లాభమేమిటో ఇప్పుడు లెక్క వేసుకుంటే ఒళ్ళు మండుతుంది. ఒక్క నిమిషం కూడా తగ్గలేదు. పరిగెత్తి అలిసిపోయిన వాళ్ళ జట్టుకు గట్టు మీద కూర్చుని మంచినీళ్ళు తాగే తీరిక దొరికింది. అన్నిటికన్నా ముఖ్యం, బంతి తడిసింది. అప్పటి తోలు బంతి ఒకసారి మునిగిందంటే నీళ్ళు పీల్చుకుని ఉబ్బేది. తలతో కొడితే కళ్ళు తిరిగేవి. పట్టుకుంటే సబ్బు రాసినట్టు జారేది.

ఇక అయిపోవాలి అని నేననుకుంటున్న సమయంలో బంతి మా గోలీ చేతికి చిక్కింది.

"ఒరేయ్, కాలువ!" అని అరిచాను.

వాడు బంతిని గుండెకు ఆనించుకుని తల అడ్డంగా ఊపాడు. "ఇక చాల్రా. బండరాయిలా ఉందిది. అదుగో, ఎడమ పక్కనున్నోడు ఖాళీగా ఉన్నాడు, వాడికేస్తా. ముందుకు పోదాం."

"నీకెందుకు? తన్నమన్నానా!"

"రిఫరీ గడియారం ఆపుతున్నాడ్రా బాబూ. నువ్వు చూట్టంలా?"

"కెప్టెన్ నువ్వా, నేనా? నోర్మూసుకుని తన్ను."

వాడు ఇంకొక్క క్షణం నన్ను చూశాడు. ఎడమ పక్క మావాడు నిజంగానే ఒంటరిగా ఉన్నాడు, చేయెత్తి పిలుస్తున్నాడు. వాడి ముందు సగం మైదానం ఖాళీ. ఆ సంగతి నాకూ కనిపిస్తోంది. కానీ అప్పటికే అందరి ముందూ అరిచాను, అరిచిన మాట వెనక్కి తీసుకోవాలంటే చిన్నతనమనిపించింది. వాడు బంతిని కాలువలోకి తన్నాడు.

బంతి ఒడ్డుకు వచ్చింది. త్రో వాళ్ళది, మా గోలుకు దగ్గర్లోనే. విజిల్ వస్తుందని నేను రిఫరీ వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ చూపులోనే నేను కాయాల్సిన మనిషి నన్ను దాటిపోయాడు. అతను తన్నిన బంతి నేరుగా మా గోలీ చేతుల్లోకి వెళ్ళింది. వాడు పట్టుకున్నాడు. పట్టుకున్న బంతి రెండు చేతుల మధ్య నుంచి కిందికి జారి, కాళ్ళ సందులోంచి గీత దాటింది.

ఆ తర్వాత కూడా రిఫరీ చాలాసేపు ఆడించారు. కలుపుతానన్న టైమంతా కలిపారు. మాకు ఇంకో గోలు వేయడం చేతకాలేదు.

ఆట అయ్యాక గట్టు మీద కూర్చుని బూట్ల ముడులు విప్పుకుంటున్నాం. జనంలోంచి ఎవరో, "ఎన్ని నూలు చిలపలు ముట్టాయిరోయ్?" అని అరిచారు. ఇంకొకడు, "కట్ట ముందే దిగిందిగా, బండి మీద!" అన్నాడు. నవ్వులు. మా గోలీ తలెత్తి నా వైపు చూశాడు. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. కాలువలోకి తన్నమన్నది నేను, వాడు వద్దన్నాడు అంటే చాలు.

నేను అన్నది ఇది. "ఏం చేస్తాం, వాడి చేతుల్లోంచి జారింది."

అబద్ధమా అంటే కాదు. అందుకే ఇన్నేళ్ళు దాని చాటున బతికాను. మరుసటి నెల బెజవాడ పోటీలకు మళ్ళీ కెప్టెన్‌ని ఎన్నుకోవాలి. ఆ పదవి పోతుందేమోనన్న భయం తప్ప నా దగ్గర చెప్పుకోదగ్గ కారణం లేదు. ఎన్నుకున్నారు కూడా.

వారం తిరక్కుండా పుకారు వాళ్ళ వీధికి చేరింది. సాటి నేతవాళ్ళే వాళ్ళ నాన్నను అడిగారట, కొడుకు చేత ఆట అమ్మించి తెచ్చుకున్న నూలా అని. ఆయన పర్మిట్ కాగితం చూపించాడు. కాగితం ఎలాగైనా పుట్టించవచ్చన్నారు. ఆయన మగ్గానికెక్కించిన పడుగు కోసేసి, మిగిలిన చిలపలన్నీ ఇంటింటికీ పంచేశాడు. తాను ఒక్కటీ ఉంచుకోలేదు. వాళ్ళింట్లో రెండు మగ్గాలూ ఆ ఏడంతా ఆడలేదు. మా గోలీ బెజవాడ వెళ్ళి ఒక బట్టల కొట్లో మూటలు మోసే పనికి కుదిరాడు. మళ్ళీ బంతి ముట్టుకోలేదని విన్నాను. అదే సంవత్సరం నేను వాళ్ళ వీధి మీదుగా వెళ్ళడం మానేసి చుట్టుదారిన పొలానికి వెళ్ళేవాణ్ణి.

పెళ్ళి భోజనం జరిగిన మూడో రోజు గవర్నర్‌పేట వెళ్ళాను. మా గోలీ ఇప్పుడు అక్కడే, మూటలు మోసిన ఆ టోకు బట్టల కొట్లోనే గుమాస్తా. తెల్ల పరుపు మీద కూర్చుని చీరలు మడతపెడుతున్నాడు. జుట్టు బాగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి, "ఏం రా, చీరలకొచ్చావా?" అన్నాడు.

వచ్చిన పని చెప్పాను. మొత్తం చెప్పాను. అతను మడతపెట్టడం ఆపలేదు.

"ఇదంతా నాకెందుకు చెబుతున్నావు? నేనక్కడే ఉన్నాగా."

"మీ నాన్నగారికి కూడా..."

"ఆయన పోయి ఆరేళ్ళు దాటింది. పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. నీ స్నేహితుడు ఎందుకు నోరు విప్పలేదురా అని. నాకేం తెలుసు, నువ్వేమన్నా చెప్పావా!"

ఉన్నదున్నట్టు రాసి పత్రికకు పంపుతానన్నాను.

"రాయి. నూలు సంగతి అబద్ధమని రాయి. మా నాన్న పర్మిట్ మీద తెచ్చుకున్నాడని రాయి. కానీ బంతి తడిసింది, పాపం అని మాత్రం రాయకు. గోలీ అన్నాక తడిసినా పట్టాలి. జారింది నా చేతుల్లోంచే. అది నాది, నాకొదిలెయ్."

"తడిపింది నేను గదరా."

"మొదలెట్టావూ! అప్పుడూ ఇంతే, ఒకళ్ళ మాట వినవు."

కొట్లోకి ఎవరో బేరానికొచ్చారు. అతను "రండి రండి" అంటూ వాళ్ళ వైపు తిరిగాడు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. బంతి తడిసిన సంగతి రాయాలా వద్దా అని ఈ నెలంతా తర్జనభర్జన పడి, చివరికి రాశాను. ఇందుకూ అతనికి కోపం రావచ్చు. వస్తే వచ్చి తిట్టమనండి. వాళ్ళ నాన్న తెచ్చుకున్నది పర్మిట్ నూలు.