మెడపట్టీతో అమలాపురం

పొద్దున్న ఏడింటికి మలికిపురంలో బస్సెక్కాం, నేనూ మా ఆవిడా. నా మెడకి పట్టీ, భుజం మీద కొబ్బరికాయల సంచి. కిందటి వారం తీయించిన స్కానింగు చూసి, మెడకి ఆపరేషను కావాలో అక్కర్లేదో ఆవేళ చెబుతానన్నారు అమలాపురం డాక్టరమ్మగారు. నెల్లాళ్లుగా మెడలో పుట్టిన నొప్పి కుడిచెయ్యంతా పాకి, బొటనవేలు తిమ్మిరెక్కిపోతోంది. చొక్కా బొత్తాలు మా ఆవిడే పెడుతోంది. కోస్తే చెయ్యి పడిపోతుందేమోనని నా భయం. తన భయమేమిటో ఆవిడ పైకి చెప్పలేదు గానీ, రాత్రి నేనెప్పుడు లేచినా మెలకువగానే ఉండేది.

సంచి సంగతి కూడా చెప్పాలి. అమలాపురంలో మా ఆవిడ తమ్ముడున్నాడు. "తమ్ముడింటికి ఉత్తి చేతుల్తో వెళ్తామేంటండీ?" అంది. కోనసీమలో ఈ మూల నుంచి ఆ మూలకి కొబ్బరికాయలు మోసుకెళ్లడం మాకే చెల్లింది. తను పట్టుకుంటానంటే నేనే ఇవ్వలేదు. అలవాటు కొద్దీ కుడి భుజానికే ఎత్తుకున్నాను.

రాజోలులో ఎక్కిన ఒక పెద్దాయన నా పట్టీ చూసి జాలిపడ్డారు.

"మెడ నొప్పాండీ? మా తోడల్లుడికీ ఇంతేనండి. కోసేరండి."

"ఇప్పుడెలా ఉన్నారండీ?"

"ఏదో, ఉన్నారండి" అని కిటికీలోంచి చూడ్డం మొదలుపెట్టారు. గన్నవరం అక్విడక్టు వంతెన దాటేదాకా నేను బొటనవేలు ఆడించి చూసుకుంటూనే ఉన్నాను.

తొమ్మిదింటికి అమలాపురంలో దిగి ఇడ్లీ తిన్నాం. నాకు సయించలేదు. డాక్టరమ్మగారి ఆసుపత్రికి వెళ్లేవాళ్లు టోకెను ముందురోజే ఫోనులో చెప్పించుకోవడం మంచిది; మాకు పిలుపొచ్చేసరికి పన్నెండు దాటింది.

డాక్టరమ్మగారు నా చేత పిడికిలి బిగింపించారు, అటూ ఇటూ నడిపించారు.

"ఆపరేషనక్కర్లేదండి. వయసుతో మెడ ఎముకలు అరిగి నరం నొక్కుకుంది. చాలామందికి మందులతో, వ్యాయామంతో తగ్గిపోతుంది. చేతిలో పట్టు తగ్గినా, నడక తూలినా మాత్రం వెంటనే రండి."

ప్రాణం లేచొచ్చింది. అంతలో డాక్టరమ్మగారి చూపు మూలనున్న సంచి మీద పడింది.

"అదెవరు మోసేరండీ?"

"ఆయ్, నేనేనండి."

"ఏ భుజం మీద?"

చూపించాను. మా ఆవిడ తల దించుకుంది.

"ఇంక ఆ భుజం మీద ఏ బరువూ పెట్టకండి" అన్నారు డాక్టరమ్మగారు.

బయటికొచ్చాక మా ఆవిడ గోడకానుకుని కొంగుతో కళ్లొత్తుకుంది. నాకేమో ఒక్కసారిగా ఆకలి ముంచుకొచ్చింది. బావమరిది ఇంట్లో చింతచిగురు రొయ్యల కూర మారు వడ్డించుకుని తిన్నాను.

మా వైపు సంచి ఖాళీగా తిరిగి పంపరు. బావమరిది అందులో పెద్ద పనసకాయ పెట్టాడు.

"బరువులు మొయ్యద్దన్నారు కదరా!" అని వాళ్లక్క కేకలేసింది.

"బావగారెందుకు మోస్తారక్కా, నేను బస్సెక్కిస్తాగా" అన్నాడు. ఎక్కించాడు కూడా. మలికిపురంలో ఎవరు దింపుతారో ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

నాలుగింటి బస్సు. పనసకాయ కాళ్ల దగ్గర, మా ఆవిడ నా కుడిపక్కన. అంబాజీపేట రాకుండానే ఆవిడకి నిద్ర పట్టేసింది. నెల్లాళ్ల నిద్ర బాకీ. తల మెల్లగా వాలి నా భుజం మీదికొచ్చి ఆగింది.

ఏ బరువూ పెట్టొద్దన్నారు డాక్టరమ్మగారు. ఎడంచేత్తో ఆవిడ కొంగు సర్ది, మలికిపురం దాకా కదలకుండా కూర్చున్నాను.