మగ్గం కొట్టంలో కుంపటి

మొన్న పొద్దున మడికొండ నుంచి మా అబ్బాయి ఫోన్ చేసి, ఇంటి వెనక రేకుల షెడ్డులో కోడలు కుట్టుమిషన్ ముందు చలికి వణుకుతోందని, ఆ షెడ్డుకు ఏ హీటరైతే చవకని అడిగాడు. చవక అన్న మాట చెవిన పడగానే నాకు ఒళ్లు మండింది. వాడి తప్పేమీ లేదు. నా కోపం నలభై ఏళ్లు దాటినది, మా నాన్న మీదిది.

డెబ్భైల చివర్లో వరంగల్లులో మా ఇంటి వెనక మట్టి గోడల మగ్గం కొట్టం ఉండేది. గుంత మగ్గం ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు, గాలి పొడిబారితే పడుగు పోగులు పుటుక్కున తెగుతాయి, అందుకని నాన్న చలికాలంలో కూడా నేల మీద నీళ్లు చల్లించేవాడు. ఆయన గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, కుడిచేతి పక్కన ఆ తడి నేల మీదే కూర్చుని అమ్మ రాట్నం తిప్పి, నూలు కండెలు చుట్టి అందించేది. అమ్మకు ఆయాసం. పుష్యమాసం వచ్చిందంటే ఆమె పిల్లికూతలు వాకిట్లోకి వినిపించేవి.

కాజీపేట రైల్వేలో పనిచేసే మా మేనమామ అది చూడలేక కొట్టం వెచ్చబెట్టే మార్గం వెతికాడు. కిరోసిన్ స్టవ్ పెడితే బట్టకు మసి, ఊకపొయ్యి పెడితే పొగ, కరెంటు ఒక్క బల్బుకే సరిగా ఉండేది కాదు. చివరకు రైలింజన్లు దులిపిన బూడిదలో ఏరిన సగం కాలిన బొగ్గు సంచెడు తెచ్చి, కుంపటి రాజేసి అమ్మ పక్కన పెట్టాడు. ఆ పూట అమ్మ ముఖం కాస్త తేటపడింది. అంతలోనే పోగులు తెగడం మొదలైంది, నాన్న లేచి కుంపటిని వాకిట్లోకి తీసుకుపోయి నీళ్లు గుమ్మరించాడు.

"పోగులు తెగితే ఏం తింటం బావా?" అన్నాడు.

"మా చెల్లెకు దమ్మాడుతలేదు, అది కానొస్తలేదా నీకు?" అన్నాడు మామ.

అమ్మ మాత్రం నాకేం ఫికర్ లేదన్నా, నువ్వు పో అని రాట్నం తిప్పుకుంది.

మరుసటి చలికాలం దాటకుండానే అమ్మ దవాఖానలో పోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు నాన్న రాట్నాన్ని వంటింట్లోకి తెచ్చి పొయ్యి పక్కన పెట్టి, నన్ను కూర్చోబెట్టాడు. "కొట్టంల కూసోకు బిడ్డా, సలి పడ్తది" అన్నాడు. పొద్దున ఒక గంప, మధ్యాహ్నం ఒక గంప కండెలు మోసుకెళ్లి ఇచ్చేదాన్ని. మగ్గం ఒక్క గడియ కూడా ఆగలేదు.

నా కోపమంతా ఆ రెండు గంపల దగ్గరే ఆగిపోయింది. ఆ పొయ్యి అమ్మ ఉన్నప్పుడూ రోజూ మండింది. నేసేవాడి చేతికి అందేలా పెళ్లాం పక్కనే కూర్చోవాలన్నది తాతలనాటి పద్ధతి గనక కొట్టాన్ని వెచ్చబెట్టడం గురించి అంత ఆలోచించిన మగవాళ్లకు రాట్నం జరపాలని తోచలేదు. పద్నాలుగేళ్ల నాకూ తోచలేదు. దాన్ని ఒంటిచేత్తో ఎత్తగలిగేదాన్ని.

గుంత మగ్గాలు పూడిపోయాయి, బొగ్గింజన్లు పోయాయి, మీట నొక్కితే వేడి వచ్చే కాలం వచ్చింది. అయినా మావాడు షెడ్డును వెచ్చబెట్టే సంగతే అడిగాడు. హీటర్ వద్దని చెప్పి, మర్నాడే బస్సెక్కి మడికొండ వెళ్లి, కోడలి మిషన్‌ను వంటింటి పక్క గదిలోకి జరిపించాను. పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పది నిమిషాలు మా అమ్మకు మేమెవరమూ ఇవ్వలేదు.