కామేష్ దాచిన డిస్కు

అరకు సంత దగ్గర లాప్‌టాప్‌లు బాగుచేసే కామేష్, కొండ మీది రైతుల లాప్‌టాప్‌లో డిస్కు పీకి అమ్ముకున్నాడని పుకారు. అమ్ముకోలేదు. ఆ సంగతి అతని పక్క కొట్లో టీ కాచే పైడితల్లికి తెలుసు. పక్క కొట్లోకి తొంగిచూడందే ఆమె టీ పొంగదు మరి.

కాఫీ రైతు సర్వేశ్వరరావు ఓ సంతనాడు తమ సంఘం లాప్‌టాప్ మోసుకొచ్చాడు. అది తెరుచుకోవడం లేదు. మళ్లీ విండోస్ వెయ్యాలన్నాడు కామేష్. వెయ్యబోతే, డిస్కు కనబడాల్సిన చోట తెర ఖాళీ.

"డిస్కు అగుపడ్డం నేదు మావా. పై సంతకి రా."

పై సంతకీ అదే మాట. సర్వేశ్వరరావు విసుక్కోలేదు. బల్ల మీద చతికిలబడి, ఆనపబుర్రలోని చోడి అంబలి సగం కామేష్ గ్లాసులో పోశాడు. ఏ తోటకు పురుగు పట్టిందో, ఎవరి ఆవు తప్పిపోయిందో చెప్పుకొచ్చాడు. సాలూరు నుంచి వచ్చి కొట్టు పెట్టాక కామేష్‌తో "ఎంత?", "ఎప్పుడిస్తావు?" అని కాక మరో మాట ఆడినవాళ్లు లేరు. తక్కిన రోజుల్లో అన్నం పొట్లం విప్పుకుని గోడవైపు తిరిగి తింటాడు.

ఆ తర్వాతి సంతకు ముందురోజు ఖాళీ టీ గ్లాసుల కోసం కామేష్ కొట్లోకి వెళ్లిన పైడితల్లి చూడనే చూసింది. కామేష్ పెన్‌డ్రైవ్ గుచ్చి ఏదో ఎక్కించగానే, ఖాళీ తెర మీద ఓ వరుస వచ్చి కూర్చుంది.

"ఏట్రా అది?"

"డిస్కేనత్తా. డ్రైవర్ ఎక్కిత్తేగానీ అగుపడదు."

మర్నాడు సర్వేశ్వరరావు వచ్చేసరికి పెన్‌డ్రైవ్ కామేష్ జేబులో ఉంది. తెర మళ్లీ ఖాళీ.

అలా సంతలు గడిచాయి. పుకారు ముదిరింది. కొట్టుకొచ్చే ఆ నలుగురూ రావడం మానేశారు. ఈ సంతకు సర్వేశ్వరరావు అంబలి పోస్తూ నెమ్మదిగా అన్నాడు: "నువ్వు తీసేవని నేననుకోను బాబూ. సంఘపోళ్లు ఊరుకోటం లేదు. పై సంతకి విశాఖ అట్టుకెల్తాను."

అతను వెళ్లేదాకా ఆగి, పైడితల్లి చెయ్యి తుడుచుకుంటూ కొట్లోకి వచ్చింది.

"ఒరే గుంటడా, అగుపడిన డిస్కుని అగుపడనేదంటావేటి? ఒక్కపాలి సూపించీ. నిన్ను దొంగన్నోళ్ల నోళ్లు మూతడిపోవా?"

కామేష్ జేబులో పెన్‌డ్రైవ్ తడుముకున్నాడు. బల్ల మీది అంబలి గ్లాసు కేసి చూశాడు.

"సూపిత్తే లాప్‌టాప్ అట్టుకుని ఎలిపోతాడు కదత్తా. మల్లా సంతకి నా కొట్టుకి దేనికొత్తాడు?"