మా చెరువు చలికాలంలో గడ్డకడుతుందట

ఆ వాక్యం చదివినప్పుడు ముందు నా ఇంగ్లీషు మీద నాకే అనుమానం వచ్చింది. మళ్లీ చదివాను. షామీర్‌పేట చెరువు డిసెంబరు నుంచి మార్చి దాకా పూర్తిగా గడ్డకడుతుందనీ, ఆ నెలల్లో చుట్టుపక్కల పిల్లలు ఆ మంచు మీద జారుతూ ఆడుకుంటారనీ ఉంది. నున్నటి తెల్ల కాగితం, కుదురైన అక్షరాలు, ఒక్క తప్పు లేని ఇంగ్లీషు. పైన తొమ్మిదో తరగతి అమ్మాయి పేరు, కింద ఆమె సంతకం.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. షామీర్‌పేట దగ్గర ఒక ఊళ్లోని ప్రభుత్వ హైస్కూల్లో నేను సోషల్ టీచర్ని. మాది తెనాలి వైపు. మావారి ఉద్యోగం వల్ల వచ్చి మేడ్చల్‌లో కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. రోజూ పొద్దున్నే మేడ్చల్‌లో బస్సెక్కి బడికి వెళ్లేదాన్ని. దారిలో చెరువు కట్ట కనిపించేది. ఆరేళ్లు దాని పక్క నుంచే తిరిగాను, ఒక్కసారి కూడా దిగి చూడలేదు.

ఆ జూలైలో తొమ్మిదో తరగతికి 'మన ఊరి నీళ్లు' అని ప్రాజెక్టు ఇచ్చాను. ఈ అమ్మాయి రెండో వరుసలో గోడ పక్కన కూర్చునేది. అడిగితే తప్ప మాట్లాడేది కాదు. వాళ్ల నాన్న ఆ చెరువులోనే చేపలు పడతాడు. అందుకే ఆమె ప్రాజెక్టును ముందు తీశాను, ఏదో కొత్త సంగతి దొరుకుతుందని.

క్లాసులో ఆమెను లేపి, ఆ వాక్యాన్ని అందరికీ తెలుగులో చెప్పాను. పిల్లలు పగలబడి నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. కొందరు తలలు కూడా ఊపారు. వెనక నుంచి ఒక పిల్లవాడు, చలికాలం బాగా చల్లగుంటుంది కాబట్టి అవుతుండొచ్చు మేడమ్ అన్నాడు. నేను ఆ అమ్మాయినే అడిగాను.

"నువ్వెప్పుడైనా చూశావా చెరువు గడ్డకట్టడం?"

"లేదు మేడమ్."

"మీ నాన్న?"

"నాయిన గూడ ఎన్నడు జెప్పలే మేడమ్."

"మరెందుకు రాశావు?"

ఆ ప్రశ్నే ఆమెకు వింతగా తోచినట్టుంది. "కంప్యూటర్ల ఉన్నది గదా మేడమ్" అంది.

మొండితనం లేదు, వెటకారం లేదు. వేళ్లు లెక్కపెట్టి ఐదున్నాయి అన్నట్టు చెప్పింది. మిగతా ప్రాజెక్టులు ఒక్కొక్కటే తిరగేశాను. ఇంకో ఏడుగురి దగ్గర కూడా అదే చెరువు అలాగే గడ్డకట్టి ఉంది. పిల్లలంతా తెలుగు మీడియం వాళ్లు. తాము ఇచ్చిన కాగితాల్లో ఏముందో వాళ్లలో ఒక్కరూ చదవలేదు, చదవగలిగేవాళ్లూ కారు.

చేత్తో రాసుకురమ్మని కదా చెప్పాను, ఎందుకు రాయలేదని అడిగాను. ఆ అమ్మాయి తల దించుకుంది. "చేత్తోని రాస్తే మార్కులు రావు మేడమ్."

"ఎవరు చెప్పారు నీకు?"

ఆమె కళ్లు ఒకసారి కిటికీలోంచి వరండా వైపు పోయి వచ్చాయి. అక్కడ నోటీసు బోర్డు ఉంది. దాని మీద నేను కిందటేడాది పిన్నులు గుచ్చి పెట్టిన ప్రాజెక్టు ఒకటి ఇంకా అలాగే వేలాడుతోంది. ఎనిమిదో తరగతిలో వీళ్లకే 'మన పంటలు' అని ఇచ్చిన పని. కౌకూర్‌లో ఉండే మేనమామ దగ్గర కంప్యూటర్ ఉందని ఒక పిల్లవాడు రంగు బొమ్మలతో ప్రింటు తీయించుకొచ్చాడు. బడిలో అలాంటిది రావడం అదే మొదలు. ఇరవై అయిదుకి ఇరవై అయిదూ వేసి, అందరూ ఇలా చెయ్యాలని చెప్పి మరీ బోర్డుకి పెట్టాను.

బడి వదిలాక పిన్నులు తీసి ఆ కాగితాలు ఇంటికి పట్టుకెళ్లాను. భోజనాల బల్ల మీద పరిచి మొదటిసారి చదివాను. నిజంగానే మొదటిసారి. మూడో పేజీలో గోధుమ పంట గురించి ఉంది, అదీ ఏ దేశంలోదో తెలియదు. పేజీ అడుగున 'మరిన్ని వివరాలకు ఇక్కడ నొక్కండి' అని ఇంగ్లీషులో ఉంది. సరిగ్గా దాని పక్కనే నా ఎర్రసిరా టిక్కు. నాలుగో పేజీ, రెండో పేజీ ఒకటే. రెండింటికీ టిక్కులు పెట్టి సంతకాలు చేశాను. మావారు ఏమైందని అడిగారు. నాకు సిగ్గేసి, ఏం లేదన్నాను.

మర్నాడు స్టాఫ్ రూమ్ బీరువాలో వెతికి, ఆ అమ్మాయి కిందటేడు ఇచ్చిన 'మన పంటలు' కాగితాలు తీశాను. ఇరవై అయిదుకి పన్నెండు. పైన నా చేతిరాతలో 'మరకలు. అక్షరాలు శుభ్రంగా లేవు' అని ఉంది. మరకలు ఉన్న మాట నిజమే. కానీ ఎండాకాలం చెరువు నీళ్లు వెనక్కి పోతుంటే బయటపడే శిఖం భూమిలో ఏ వారం ఏ గింజ వేస్తారో, దోసపాదుకీ పుచ్చపాదుకీ మధ్య ఎంత ఎడం ఉంచుతారో, తడి ఎంత లోతుందో వేలు గుచ్చి ఎలా చూస్తారో అంతా రాసింది. ఇవేవీ నాకు తెలియని సంగతులు. ఆ రోజు కూడా చదవకుండానే పన్నెండు వేశానన్నమాట.

ఆ సాయంత్రం మేడ్చల్‌లో బస్సు దిగి, పిల్లలు ఆ ప్రింట్లు కొన్నామని చెప్పిన నెట్ సెంటర్‌కి వెళ్లాను. ఫొటోస్టాట్ షాపు పక్కన సన్నటి గది, మూడు కంప్యూటర్లు, మధ్యమధ్య గుడ్డ తెరలు. నడిపేది ముప్పై ఏళ్ల మనిషి. గాజులరామారం దగ్గర ఫ్యాక్టరీ మూతపడితే వచ్చి ఇది పెట్టుకున్నానని చెప్పాడు. తగవు పెట్టుకుందామని వెళ్లిన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. కాగితాలు చూపించగానే గుర్తుపట్టాడు. దాచాలని కూడా అనిపించలేదేమో, ఎలా చేశాడో నా కళ్ల ముందే చేసి చూపించాడు. వేరే దేశపు చెరువు గురించి ఎవరో రాసింది తెరిచి, రెండు మీటలు నొక్కాడు. ఆ చెరువు పేరు ఉన్నచోటల్లా ఒక్క క్షణంలో షామీర్‌పేట అయి కూర్చుంది.

గడ్డకడుతుందన్న వాక్యం మీద వేలు పెట్టి, దాని అర్థం చెప్పాను. అతను తెల్లబోయాడు. అతనూ అప్పటిదాకా చదవలేదు. పిల్లలకి ఇచ్చేటప్పుడు ఒకసారైనా చూసుకోవాలి కదా అన్నాను.

"సూసేటోళ్లుంటే సూసే ఇస్తుంటి మేడమ్" అన్నాడు. "మూడేండ్ల సంది ఇస్తున్న. ఎన్నో బళ్ల పిల్లలు కొంటవోయిన్రు. ఒక్క టీచరన్న వచ్చి గిదేందని అడగలే. మీరే మొదలు."

అతను నన్ను దెప్పడానికి అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఆ శనివారం ఒంటిపూట బడి. అయ్యాక ఆ అమ్మాయితో కలిసి కట్ట మీదికి వెళ్లాను. వాళ్ల నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, కూతురు ఏం తప్పు చేసిందోనని పరేషాన్ అయ్యాడు. ఏమీ లేదని చెప్పి, పిల్లలకి చెరువు గురించి మీరు చెప్పాలని అడిగాను. తనకేం తెలుసని చెబుతానన్నాడు. చదువుకోలేదన్నాడు. బిడ్డ అడిగితే పని మానుకుని మేడ్చల్ తీసుకుపోయి కంప్యూటర్లో ఉన్నది తెప్పించాను కదా, ఇక నేను చెప్పేదేముంది అన్నాడు.

"ఈ చెరువు గడ్డకడుతుందని ఉంది అందులో. మీరు ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నారు కదా. ఎప్పుడైనా గడ్డకట్టిందా?"

ఆయన వెంటనే లేదనలేదు. నీళ్ల వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించాడు.

"నేనైతే సూడలే మేడమ్. గానీ నేను సూసేది గీ ఒడ్డే గదా. మస్తు పెద్ద చెరువు. ఆ కొసకు ఏమైతదో నాకేం ఎరుక?"

ఆయన పడవేసుకుని తిరగని మూల ఆ చెరువులో ఒక్కటి లేదని తర్వాత తెలిసింది. ఆ మనిషి తన కళ్లనే అనుమానించుకుంటున్నాడు. పిల్లలు నమ్మారంటే చిన్నవాళ్లనుకున్నాను. కాగితం మీద అచ్చు పడిందనగానే ఇంత అనుభవం తలొంచేస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

నేను నీళ్లకేసి చూశాను. ఒడ్డుకి కొంచెం ఎడంగా, నీటి మీద గుమ్మడికాయంత ఎర్రటి ముద్ద ఒకటి కదులుతోంది. అదేమిటని అడిగాను. ఆయన గొంతు అప్పుడు మారింది. అవి కొర్రమీను పిల్లలు అన్నాడు. చిన్నప్పుడు ఎర్రగా ఉంటాయి, అన్నీ గుంపుగా తిరుగుతాయి, గాలి కోసం పైకి వస్తాయి, తల్లీ తండ్రీ కిందనే కాపలా ఉంటాయి అని చెప్పాడు. "అటు దిక్కు మేం వల ఎయ్యం మేడమ్. తల్లిని వడితే అన్నీ పోతయి."

పక్కనే ఉన్న కూతురు మెల్లగా అంది. "గిదంత నేను ముందుగాల రాసిన మేడమ్. నాయిన జెప్తుంటే రాసిన. అందరు ప్రింటు తెస్తున్నరని సింపేసిన. అవ్వ పొయ్యిల పెట్టింది."

నేను కట్ట మీద అలాగే కూర్చుండిపోయాను.

తర్వాతి శనివారం తొమ్మిదో తరగతి మొత్తాన్ని అక్కడికే తీసుకెళ్లాను. మొదట్లో ఆయన నా మొహం చూసి చూసి మాట్లాడాడు. పది నిమిషాలయ్యాక నన్ను మరిచిపోయాడు. ఏ గాలి వీస్తే బొచ్చె చేపలు ఏ పక్కకి చేరతాయో, తూము దగ్గర నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయో, చెరువు నిండి మత్తడి దుంకిన ఏడాది ఏమేం కొట్టుకుపోయాయో చెప్పాడు. పిల్లలు రాసుకున్నారు. మంచు గురించి క్లాసులో వాదించిన పిల్లవాడే అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగాడు.

ఆ అమ్మాయి మళ్లీ రాసింది. చెరువు పటం చేత్తో గీసి, ఏ మూల ఏ చేప ఉంటుందో గుర్తులు పెట్టింది. దాన్ని డిసెంబరులో జిల్లా ప్రదర్శనకి పంపించాం. నేనూ వెంట వెళ్లాను. పక్క బల్లల మీదంతా మెరిసే ప్రింట్లు. మార్కులు వేయడానికి వచ్చిన పెద్దమనిషి మా బల్ల దగ్గర ఆగి, శ్రద్ధగానే చదివారు. తర్వాత ఈ సమాచారం ఏ వెబ్‌సైట్‌లోదని అడిగారు.

"మా నాయిన జెప్పిండు సార్" అంది ఆ అమ్మాయి.

అది సరేగానీ ఆధారం ఏమిటని మళ్లీ అడిగారు. ఆమె మళ్లీ అదే చెప్పింది. నేను కల్పించుకుని జరిగిందంతా వివరించబోయాను. ఆయన మర్యాదగా విని, తన కాగితంలో 'ఆధారాలు చూపలేదు' అని రాసుకుని వెళ్లిపోయారు. గోధుమల ప్రాజెక్టుకి నేను టిక్కులు పెట్టిన రోజు నేనూ అచ్చం అలాగే ఉండి ఉంటాను. ఆ చెయ్యి నాదే అనిపించింది.

తిరుగు బస్సులో ఆమె బొల్లారం దాటాక అడిగింది. "మేడమ్, మా నాయిన జెప్పింది కంప్యూటర్ల వెడితే, అప్పుడు సారు నమ్ముతడా?"

నమ్ముతారు. అదే నిజం. ఆ నిజాన్ని పద్నాలుగేళ్ల పిల్లకి ఎలా చెప్పాలో తెలియక, పెట్టి చూద్దాం అన్నాను.

నెట్ సెంటర్ అతన్ని అడిగాను. అతను వెంటనే ఒప్పుకున్నాడు. ఆదివారాలు ఆ అమ్మాయిని బస్సు దిగినచోటి నుంచి నేనే తీసుకెళ్లేదాన్ని. తెలుగు అక్షరాలు ఏ మీట మీద ఏవున్నాయో అతను నేర్పాడు. మొదటి ఆదివారం ఆమె నాలుగు వాక్యాలు కొట్టగలిగింది. ఒత్తులు వచ్చినప్పుడల్లా ఇద్దరూ కలిసి వెతుక్కునేవాళ్లు. ఫిబ్రవరి నెలాఖరుకి మొత్తం పూర్తయింది. అందరికీ కనిపించేలా ఒక పేజీ తెరిచి అందులో పెట్టాడు. పైన తండ్రి పేరు, కూతురి పేరు ఉండాలని ఆమె పట్టుబట్టింది.

ఆ రోజు వాళ్ల నాన్న కూడా వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గుమ్మం లోపల నిలబడ్డాడు. నేను కుర్చీ చూపించినా కూర్చోలేదు. కూతురు తెర మీది నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఆయన కదలకుండా విన్నాడు. కొర్రమీను గుడ్లు పెట్టే కాలం దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"మిరుగు కార్తె అని ఉన్నదా? మిరుగుల గాదు బిడ్డా, ఆరుద్రల. మిరుగుల సుక్క వానైనా సక్కగ వడదు, నీళ్లెక్కడివి?"

ఆ అమ్మాయి తెరని చూసింది, తండ్రిని చూసింది, తర్వాత నన్ను చూసింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నెట్ సెంటర్ అతను తన కుర్చీ వెనక్కి జరుపుకుని, మీటలు ఆమె వైపు తోశాడు.

"నాయిన జెప్తుండు గదా. మార్చు" అన్నాడు.

ఆమె ఒక్కో అక్షరం చెరిపి, ఆరుద్ర అని కొట్టింది. చివర్లో ఒత్తు పడక రెండుసార్లు తప్పింది. అది సరిగ్గా వచ్చేదాకా వాళ్ల నాన్న పక్కనే నిలబడి చూశాడు. వచ్చాక, ఇంకెక్కడెక్కడ తప్పులున్నాయో మొదటి నుంచి చదవమన్నాడు.