రసీదు లేకుండా తీసుకెళ్లిన పేర్లు

మా పక్కింటి కాక సోమవారం పొద్దున దవాఖానలో చనిపోయాడు. అంతకు రెండు నెలల ముందు ఆయన కంప్యూటర్‌ను ఠాణా పోలీసులు పట్టుకుపోయారు. రసీదు ఇవ్వలేదు, జాబితా రాయలేదు. చావుకు వాళ్లు కారణమని నేను అనను. ఆయనకు ఊపిరి జబ్బు ఎప్పటినుంచో ఉంది. కానీ ఆ కంప్యూటర్ కోసం ఎదురుచూస్తూ పోయాడు. ఆ తప్పు వాళ్లది. అందులో కొంత నాది కూడా.

కాకది బొగ్గు బాయి మీద తనిఖీ డ్యూటీ. దిగేవాళ్ల జేబుల్లో బీడీ, అగ్గిపెట్టె లేకుండా చూడాలి. లోపల గ్యాస్ ఉంటుంది, ఒక్క అగ్గిపుల్ల చాలు. షిఫ్టు మొదలయ్యే ముందు తానే చేతులెత్తి నిలబడి, వరసలో మొదటి మనిషితో తన జేబులు వెతికించుకునేవాడు. "ఎతికెటోడు ముందుగాల తనయి సూపియ్యాలె" అనేవాడు. రామకృష్ణాపూర్‌లో ఉండే సొంత బావ ఒకసారి, బామ్మర్దివి గదా, ఒక్క బీడీ వదిలెయ్యమన్నాడట. "గ్యాసుకు చుట్టరికం ఎరుకనా బావా?" అన్నాడట కాక. దొరికినవన్నీ గూట్లో పెట్టి, పైకొచ్చాక ఎవరివి వాళ్లకు ఇచ్చేసేవాడు. ముప్పై ఏళ్లలో ఎవరూ రసీదు అడగలేదు, ఆయన ఇవ్వలేదు.

రిటైరయ్యాక కొడుకు వాడి వదిలేసిన కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్క వేలితో టైపు చేసేవాడు. తనతో పనిచేసి, బాయిలోనో బయటో పోయినవాళ్ల పేర్లు. పేరు పక్కన ఒక ముక్క: ఒకాయన టిఫిన్ డబ్బా అందరికీ పంచి తాను పస్తుండేవాడు, ఒకాయన దిగేటప్పుడు ఎప్పుడూ ఎడమ కాలే ముందు పెట్టేవాడు. నా కరపత్రాలు కూడా దాని మీదే టైపు చేసుకునేవాణ్ణి. కాక తప్పులు దిద్ది, "ఇంత కోపం రాస్తే సదివెటోడు యాడ నిలవడాలెరా?" అనేవాడు.

రెండు నెలల కింద ఒక మధ్యాహ్నం రోడ్డు మీద పోలీసులు నా బండి ఆపారు. ఎందుకో చెప్పకుండా డిక్కీ తెరిచారు. బండ్ల తనిఖీ మీద నేను రాసిన కరపత్రాలే దొరికాయి. ఎక్కడ టైపు చేశావని అడిగితే, దాచాల్సిందేముందని రొమ్ము విరుచుకుని నేనే తీసుకెళ్లి కాక ఇల్లు చూపించాను.

వారెంటు లేకుండా ఇల్లు వెతకాల్సి వస్తే ముందు కారణం రాసుకోవాలి. ఇరుగుపొరుగులో ఇద్దరిని సాక్షులుగా పిలవాలి, వీడియో తీయాలి, తీసుకున్నవాటి జాబితా రాసి నకలు ఇవ్వాలి. ఇదంతా నాకు కంఠతా వచ్చు. కానీ ఆ గదిలో నేను రాజ్యం గురించి, స్వేచ్ఛ గురించి అరుస్తూ నిలబడ్డాను. నకలు అడగలేదు. కాక తువ్వాలతో కంప్యూటర్ డబ్బా మీద దుమ్ము తుడిచి, వైరు చుట్టి, ఎస్సై చేతికి అందించాడు. "పనైనంక ఇస్తరు తియ్, నువ్వు ఒర్లకు" అన్నాడు నాతో. బాయి మీది అలవాటు.

తర్వాత నాలుగుసార్లు ఠాణాకు వెళ్లాం. ఏ కంప్యూటర్ అన్నారు. కాగితమేదన్నారు. చివరి రోజు దవాఖానలో కాక మూతి మీది మాస్కు పక్కకు జరిపి, "తప్పు నాదిరా. కాగితం అడగాల్నని నాకు తోచలే" అన్నాడు. కాదు కాకా, నాది అని చెప్పాల్సింది. నేను మాస్కు మళ్లీ సర్ది పెట్టాను.

ఆదివారం పొద్దున పది గంటలకు కాక ఇంటి ముందు కలుద్దాం. అక్కడి నుంచి ఠాణాకు నడిచి వెళ్లి, పట్టుకుపోయినవాటి జాబితా ఇమ్మని రాసి అడుగుదాం. అరవకుండా అడుగుదాం. ఆయనతో పనిచేసినవాళ్లు మాత్రం కాస్త ముందే రండి. కాక భార్య, మా చిన్నమ్మ, మూడు రోజులుగా అరుగు మీద కూర్చుని, కాక టైపు చేసిన పేర్లలో తనకు గుర్తున్నవి చెబుతోంది, నేను రాస్తున్నాను. నిన్న ఒకతని దగ్గర ఆగిపోయింది. సన్నటి మనిషి, చెవి వెనక పెన్సిల్ పెట్టుకునేవాడట, దిగే ముందు ఇంటివైపు ఒకసారి తిరిగి చూసేవాడట. పేరు రావడం లేదు. ఆ వరస ఖాళీగా ఉంచాను.