గాలి సొరంగానికి నేను పెట్టిన బొట్టు

చిటికెడు పసుపుతో పదిమంది ఉద్యోగాలు ఊడగొట్టవచ్చని నాకు ఇరవై ఒకటో ఏట తెలిసింది. ఆ ఉద్యోగాలు అప్పటికింకా ఎవరికీ రాలేదు. రాకముందే ఊడగొట్టడంలో ఉన్న నేర్పును మీరు గమనించాలి.

అది రెండువేల ఏడో, ఎనిమిదో. పాల్వంచ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సుజాత మేడం అనే ప్రొఫెసర్ గారు గాలి సొరంగం కట్టించారు. సొరంగమంటే కొండను తొలిచింది కాదు, బస్సంత పొడవున్న ఉక్కు గొట్టం. దానికి ఒక చివర గాలిని కుక్కి కుక్కి నింపుతాం. మధ్యలో పల్చటి రేకు అడ్డం ఉంటుంది. ఒత్తిడికి రేకు చిరిగిందా, గాలి శబ్దం కంటే ఎన్నో రెట్లు వేగంగా రెండో చివరనున్న చిన్న గదిలోకి దూకి, అక్కడ బిగించిన ఉక్కు మోడల్‌ను కొడుతుంది. మోడల్ చూడ్డానికి బోర్లించిన గరాటులా ఉంటుంది. అంత వేగంతో పోయే విమానం ముక్కు మీద ఎంత ఒత్తిడి పడుతుందో అలా లెక్క తెలుస్తుందన్నమాట. ఇదంతా మీరు రెప్ప వేసేలోగా అయిపోతుంది. ఏర్పాట్లకు మాత్రం రెండు గంటలు పడుతుంది.

డిప్లొమా చేసి ఊరికే తిరుగుతున్న మా పదిమందిని మేడం ఈ పని నేర్పడానికి చేర్చుకున్నారు. హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థ నుంచి మూర్తి గారనే శాస్త్రవేత్త వచ్చి మా పరీక్ష ఒకటి చూస్తారు. అది బాగా జరిగితే మా అందరికీ అక్కడ ఏడాది శిక్షణ, ఆపైన ఉద్యోగం. జరగకపోతే ఎవరి ఇంటికి వాళ్లం. ఆ రోజు మోడల్‌ను గుడ్డతో తుడిచి, గది తలుపు బిగించే పని నాది. అంత ముఖ్యమైన పని నాకెందుకు ఇచ్చారో మేడం ఈనాటికీ చెప్పలేదు.

ముందురోజు సాయంత్రం కాయిన్ బాక్స్ నుంచి టేకులపల్లికి, మా నాయినకు ఫోన్ చేశాను. ఆయన బొగ్గు గనిలో డంపర్ డ్రైవరు.

"బిడ్డా, మిషన్‌కు బొట్టు పెట్టినవా?" అన్నాడు ముందుగా.

"లే నాయినా. ఇది గసుంటి మిషన్ కాదు."

"ఏ మిషనైతేంది? పెట్టకుంట చెయ్యెట్ల ఏసినవ్‌రా? ఇన్నేండ్ల సంది నేను డంపర్ మూతికి బొట్టు పెట్టనిదే తాళం తిప్పలే. ఒక్కనాడు గీత పడ్డదా?"

పడలేదు. ఆ తర్కానికి డిప్లొమాలో జవాబు చెప్పలేదు.

పొద్దున్నే కొబ్బరికాయ, నిమ్మకాయలతో హాజరయ్యాను. మా ఫిట్టరు యాకూబ్ చాచా గుమ్మంలోనే ఆపేశాడు. పవర్ స్టేషన్లో రిటైరై మా దగ్గర చేరిన పెద్దాయన.

"ఏంది వీరన్నా గియ్యన్ని? కొబ్బరి పీచు పైపుల పడితే ఎవడు తీస్తడు? బయట పెట్టు, జల్దీ!"

బయట పెట్టాను. కానీ జేబులో పసుపు, కుంకుమ పొట్లాలున్నాయి. చాచా కంప్రెసర్ వైపు తిరగగానే గదిలోకి భుజం దాకా చేయి పెట్టి, తడిపిన పసుపును మోడల్ ముక్కు కొసకు దట్టంగా అద్ది, పైన కుంకుమ దిద్దాను. కళ్లు మూసుకుని దండం కూడా పెట్టుకున్నాను. తర్వాత తలుపు బిగించాను. మోడల్ ముక్కు గొట్టం వైపు తిరిగి ఉంటుంది కాబట్టి పక్కనున్న గాజు కిటికీలోంచి బొట్టు ఎవరికీ కనిపించదు. ఎంత తెలివో చూడండి.

మూర్తి గారు వచ్చారు. మోడల్ ఉన్న గదిలోని గాలిని పంపు లాగేస్తోంది. ఆయన మమ్మల్ని వరసగా నిలబెట్టి అన్నారు: "ఈ ముక్కు కొస మీద సన్నటి రంధ్రం ఉంది కదా, మొత్తం పరీక్షకు ప్రాణం అదే. గాలి అందులోంచి వెళ్లి లోపలున్న సెన్సర్‌కు తగలాలి."

నేను పసుపు అద్దింది సరిగ్గా అక్కడే. ఈ రంధ్రం సంగతి మేడం పాఠంలో చెప్పారట. ఆ మధ్యాహ్నం హాస్టల్లో గుడ్డు కూర, నేను వెనక బెంచీలో నిద్ర.

"చాచా, గా రంధ్రం ఎంతుంటది?" అని గుసగుసగా అడిగాను.

"సూది పట్టేటంత. ఎందుకడుగుతున్నవ్?"

"ఊరికెనే."

"ఊరికెనే అడిగేటోనికి గంత చెమటెందుకు పడతది?"

ఇప్పుడు తలుపు తీస్తే పని మళ్లీ మొదటికొస్తుంది. రెండింటికి కరెంటు పోతుంది. పాల్వంచలో కరెంటు పుడుతుందే గానీ మా కాలేజీలో ఉండదు. పైగా మూర్తి గారు కొత్తగూడెంలో మధ్యాహ్నం రైలు అందుకోవాలి. అయినా చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి మేడం "వీరన్నా, సార్‌కి మంచినీళ్లు తెచ్చివ్వు" అన్నారు. రెండోసారి కంప్రెసర్ మోతలో నా మాట నాకే వినపడలేదు. మూడోసారికి మేడం అంకెలు లెక్కపెడుతున్నారు. ఐదు, నాలుగు...

అంత గాలికి బొట్టు దానంతటదే ఎగిరిపోతుందిలే అనుకున్నాను. భయపడ్డవాడికి ఎంత మంచి మంచి ఆలోచనలు వస్తాయో!

ఢాం!

అందరం కంప్యూటర్ వైపు పరిగెత్తాం. తెర మీద గీత కొత్తగా వేసిన తారురోడ్డులా చదునుగా ఉంది.

"సెన్సర్ పోయింది," అన్నారు మూర్తి గారు. "నిన్న చూసుకోలేదా?"

"నేనే చూశానండీ, బాగానే ఉంది," అన్నారు మేడం. 

యాకూబ్ చాచా టోపీ తీసి చేతిలో పట్టుకుని తల వంచుకున్నాడు. "నా బిగింపులనే ఏమన్న తప్పు పడ్డదేమో సార్. పిల్లలది కాదు."

ఆ తల వంచుకోవడం చూసి ఇక నా వల్ల కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"సెన్సర్ మంచిగనే ఉంది సార్. నేను బొట్టు పెట్టిన."

"ఏం పెట్టావు?"

"బొట్టు సార్."

"ఎవరికి?"

"మోడల్‌కు. ముక్కు మీద."

"ఎందుకు?"

"పరీక్ష మంచిగ జరగాలని సార్."

తలుపు తీశాం. కుంకుమంతా ఎగిరి మోడల్ వెంట ఎర్రటి చారలు కట్టింది. రంధ్రంలోకి దిగిన పసుపు మాత్రం సిమెంటులా పట్టేసింది. మూర్తి గారు పసుపంటిన వేలు చూసుకుని, కుర్చీ లాక్కుని, పరీక్ష వివరాలు రాసే పుస్తకం తెరిచారు. ఎంత పసుపు, ఎంత తడి, ఏ వేలితో, తలుపు ఎప్పుడు మూశావు, అది ఎక్కడ రాశావు అని అడుగుతూ పోయారు. ఎక్కడా రాయలేదన్నాను. అక్కడ ఆయనకు కోపం వచ్చి మొదటినుంచి మళ్లీ అడిగారు. కరెంటు పోయినా విచారణ ఆగలేదు. చివరికి గడియారం చూసుకుని లేచి, మళ్లీ కూర్చున్నారు. రైలు వెళ్లిపోయింది.

"రేపటిదాకా నాకేం పని లేదు," అన్నారు విసుగ్గా. "సూది ఉందా?"

మేడం తన పర్సులోంచి సూది తీసిచ్చారు. రంధ్రం నేనే శుభ్రం చేశాను. ముగ్గురు పెద్దలూ నా చేతినే చూస్తూ నిలబడ్డారు. కరెంటు వచ్చాక చాచా ఆఖరి రేకు బిగించాడు. ఇదీ పోతే ఇక పరీక్ష లేదు. తలుపు మూయబోతుంటే మూర్తి గారు నా పక్కకొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"ఏమయ్యా, ఆ కుంకుమ ఇంకా ఉందా?"

"ఉంది సార్," అన్నాను భయంభయంగా.

"కొంచెం వెనకవైపు పెట్టు."

ఈసారి గీత నిటారుగా లేచింది. మా పదిమందికీ శిక్షణ వచ్చింది. మోడళ్ల రంధ్రాలు శుభ్రం చేసే పని మాత్రం ఏడాదంతా నాకొక్కడికే వచ్చింది.

ఆ సాయంత్రమే ఆ సూది పట్టుకుని ప్రమాణం చేశాను: నా కంఠంలో ప్రాణం ఉండగా ఏ మోడల్‌కూ ముక్కు మీద బొట్టు పెట్టను. ఈ రోజుకీ మాట తప్పలేదు. అన్నిటికీ వెనకే పెడుతున్నాను, పెట్టిన టైమూ, పెట్టిన వేలూ పుస్తకంలో రాసి మరీ.